వెన్న శాతం తగ్గితే తప్పు రైతుదేనా?

పాల కేంద్రంలో వెన్న తగ్గిందంటే చాలు, రేటు కోస్తారు, నీళ్లు కలిపావా అని అనుమానిస్తారు. అసలు కారణం చాలాసార్లు జాతిలో, మేతలో ఉంటుంది. ముర్రా గేదె పాలలో వెన్న సుమారు 7 శాతం ఉంటే, హోల్‌స్టీన్ సంకర ఆవు పాలలో 3.5 నుంచి 4 శాతమే. పీచు మేత పశువు పొట్టలో పులిసి ఎసిటిక్ ఆమ్లమవుతుంది. పాలలో వెన్నకు అదే ముడిసరుకు. గడ్డి తగ్గించి దాణా, నూకలు మరీ ఎక్కువ పెడితే పాలు పెరిగినా వెన్న శాతం పడిపోతుంది. పచ్చిమేత మేసిన పశువు పాలలో ఒమేగా-3 వంటి మేలైన కొవ్వు ఆమ్లాలు ఎక్కువ. వాటికి మాత్రం కేంద్రంలో లెక్కే లేదు.

అందుకే మేం అడుగుతున్నాం: రైతు కళ్లెదుటే పరీక్ష చేయాలి. పశుగ్రాస విత్తనాలు వేసవికి ముందే సబ్సిడీపై ఇవ్వాలి. మనమూ దాణా బస్తానే నమ్ముకోకుండా కొంత చెక్కలోనైనా పచ్చిమేత వేసుకుందాం.