అమ్మ షుగరు మాత్రకే ఎందుకీ పొదుపు?

మా ఇంట్లో నాన్నగారి మందుల డబ్బా ఎప్పుడూ నిండుగా ఉండేది. అమ్మ మాత్రం తన షుగరు మాత్రల స్ట్రిప్పు ఇంకో పది రోజులు రావాలని రోజు విడిచి రోజు వేసుకునేది. "నాకేమైందే, బాగానే ఉన్నాగా" అనేది. దీన్ని పొదుపు అని మెచ్చుకున్నాం చూడండి, అదీ మన తప్పు. ఇంటి ఖర్చుల్లో ఆడదాని ఆరోగ్యానికే ఎందుకు కోత పడాలి?

"కొత్త మందులు ఖరీదు కదా" అనే మాట కూడా ఇప్పుడు అన్నిటికీ చెల్లదు. ఎంపాగ్లిఫ్లోజిన్ సంగతే తీసుకోండి. ఒక్కో మాత్ర సుమారు 60 రూపాయలుండేది. 2025 మార్చిలో మన దేశంలో పేటెంటు గడువు తీరగానే చాలా కంపెనీలు అదే మందు తయారుచేశాయి. ధర 10 రూపాయల చుట్టుపక్కలకి దిగింది. ఒంట్లో ఎక్కువైన చక్కెరను కిడ్నీల ద్వారా మూత్రంలో బయటికి పంపే మందు ఇది. గుండె జబ్బు కూడా ఉన్న షుగరు రోగులపై చేసిన పెద్ద అధ్యయనం 2015లో వెలువడింది. అందులో ఈ మందు వాడినవాళ్లలో గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు 38 శాతం తగ్గాయి.

అదే నెలలో వారానికోసారి తీసుకునే ఇంజెక్షన్ మౌంజారో కూడా మన దేశానికొచ్చింది. అప్పుడు మొదటి డోసు వయల్ ఒక్కటే 3,500 రూపాయలుండేది. అది అందరం కొనగలిగేది కాదు, ఒప్పుకుంటాను. మరి పది రూపాయల మాత్ర గురించైనా ఎందుకు అడగం?

అడగకపోతే ఇంకో నష్టముంది. మూత్రంలో చక్కెర పోతుంది కాబట్టి ఈ మాత్రతో ఆడవాళ్లకు కింద దురద, ఫంగస్ ఇన్‌ఫెక్షన్ రావచ్చు. దానికి చికిత్స ఉంది. సిగ్గుపడి ఎవరికీ చెప్పకుండా మందే మానేస్తే ఎలా? అలాగే కార్తీక సోమవారమని రోజంతా ఉపవాసం ఉంటూ ఈ మాత్ర వేసుకుంటే ఒంట్లో కీటోన్లు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. ఉపవాసానికి ముందే డాక్టరుకు చెప్పాలి.

ఈసారి ఆయన చెకప్‌కి మీరు తోడు వెళ్లేటప్పుడు మీ ఫైలు కూడా పట్టుకెళ్లండి. "నా గుండె, కిడ్నీలు చూసి చెప్పండి, నాకు ఏ మందు మంచిది?" అని మీ నోటితోనే అడగండి. పాత మెట్‌ఫార్మినే చాలంటే అదే వాడండి. కానీ రోజు విడిచి రోజు మాత్రం కాదు.