ప్రవేశ దరువు, ప్రశంసాపత్రం: తొలి పుస్తకాల ముందుమాటలపై ఒక అభ్యంతరం

తొలి పుస్తకం అచ్చుకు వెళ్లకముందే పెద్దల అభిప్రాయాలు సేకరించడం తెలుగు పరిశోధనారంగంలో తప్పనిసరి తంతుగా మారింది. సిద్ధాంతవ్యాసం పుస్తకమయ్యే వేళకు పీఠిక ఒకరిది, ముందుమాట మరొకరిది, వెనుక అట్టమీద నాలుగు వాక్యాలు ఇంకొకరివి. ఆ నాలుగు వాక్యాల కోసం గ్రంథకర్త ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగవలసి వచ్చిందో మాత్రం పుస్తకంలో కనిపించదు. దీనిని సంప్రదాయమని సమర్థించేవారు ఆ సంప్రదాయాన్ని మరొకసారి చదవాలి.

కూచిపూడి భామాకలాపంలో సత్యభామను ఎవరూ పొగిడి రంగం మీదికి తీసుకురారు. తెరమీదుగా ముందు ఆమె జడ కనబడుతుంది. విద్యలో తనను మించినవారుంటే రమ్మని సభకు విసిరిన సవాలు అది. ప్రవేశ దరువులో తానెవరో తానే చెప్పుకుంటుంది. మాధవిగా మారిన సూత్రధారుడు ఆమెను ప్రశ్నిస్తాడు, పరిహసిస్తాడు, భర్త పేరు చెప్పమని నిలదీస్తాడు. భామ స్వభావం తేటపడేది ఆ ప్రశ్నల్లోనే. మనుచరిత్ర అవతారికలో రాయలు పెద్దనను ప్రశంసించాడు కదా అనవచ్చు. నిజమే, అయితే ఆ పద్యమూ పెద్దనదే. అందులో దాపరికమేమీ లేదు.

ఆధునికులు ‘మహాప్రస్థానం’ను ఉదాహరిస్తారు. చలం 1940లో రాసిన ‘యోగ్యతాపత్రం’ 1950లో గాని పుస్తకంతో వెలువడలేదు. అప్పటికే ఆ గీతాలు పాఠకుల నోళ్లలో నానాయి. పైగా ఆ శీర్షికే ఒక ఎత్తిపొడుపు. యోగ్యత తేల్చే అధికారాన్ని చలం తనకు తానే నిరాకరించుకున్నాడు. నేటి యోగ్యతాపత్రాలలో ఆ ఎత్తిపొడుపు పోయి పత్రం మాత్రం మిగిలింది.

2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం జాతీయ ప్రచురణకర్త వేసిన పుస్తకానికి 10 మార్కులు; అభిప్రాయాలకు ఏమీ లేవు. అయినా యువ పరిశోధకులు వాటికోసం తిరుగుతున్నారంటే, నేడు అభిప్రాయమిచ్చే పెద్దలు రేపు ఎంపిక సంఘంలో కూర్చోవచ్చునన్న లెక్క ఉంది. అంతకంటె పెద్ద నష్టం విమర్శకు. ఒక విషయంపై సాధికారంగా మాట్లాడగలవారు అయిదారుగురే ఉన్నప్పుడు, వారందరినీ ముందే పీఠికలలో కూర్చోబెడితే సమీక్ష రాసేదెవరు? పాఠాంతరాలు సరిచూడలేదని చెప్పవలసినవారే ‘లోతైన కృషి’ అని సంతకం చేసి ఉంటారు.

పెద్దలు రాయదలిస్తే మాధవిలా రాయాలి: ఏ వాదం నిలవదో, ఏ ఆధారం చాలదో చెప్పాలి. గ్రంథకర్త సమాధానంతో కలిపి దానిని అచ్చువేయవచ్చు. ముందుగా ప్రశంస ఇచ్చినవారు ఆ పుస్తకాన్ని సమీక్షించరాదని, ఆ గ్రంథకర్త హాజరయ్యే ఎంపికలో కూర్చోరాదని తెలుగు శాఖలు రాతపూర్వకంగా నియమం చేయాలి.