జెండాకున్న విలువ వాడకు లేదా?

నేరస్తులు పదవుల్లోకి రాకూడదని టౌన్లలో పెద్దమనుషులు మీటింగులు పెడుతున్నారు. మంచిదే. మేమూ అదే అంటున్నాం. కానీ ఏ నేరం? ఎవరి మీద చేసిన నేరం? ఆ మాట ఎత్తరు.

1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 8వ సెక్షన్ తీసి చూడండి. మామూలు నేరాలకైతే రెండేళ్ళూ ఆపైన జైలు పడితేనే ఎమ్మెల్యే, ఎంపీ పదవికి అనర్హుడు. కొన్ని నేరాలకు మాత్రం ఒట్టి జరిమానా పడినా చాలు, ఆరేళ్ళు పోటీకి లేదు. ఆ జాబితాలో లంచం ఉంది, మత్తుమందులున్నాయి, జాతీయ జెండాను అవమానించడం ఉంది. 1955 నాటి అంటరానితనం చట్టమూ ఉంది. ఏం లాభం? దాని కింద పోలీసులు కేసు రాసేదే అరుదు. మనం స్టేషన్ మెట్లెక్కి కొట్లాడి రాయించుకునేది 1989 అట్రాసిటీ చట్టం. అది ఆ జాబితాలో లేదు!

నలుగురిలో కులం పేరెత్తి తిట్టినోడికి, మన భూమి కలుపుకున్నోడికి ఆ చట్టం కింద ఆర్నెల్ల నుంచి అయిదేళ్ళ దాకా శిక్ష. జడ్జిగారు దయతలచి ఏడాది వేశారనుకోండి. వాడు బయటికొచ్చి నామినేషన్ వేసి, మన వాడకే దండం పెట్టుకుంటూ రావచ్చు. జెండాకి గౌరవం ఉండాల్సిందే. ఆగస్టు పదిహేనుకి బడిలో దాన్ని కట్టేది మేమే. మరి ఆ జెండా కింద నిలబడ్డ మనిషికో?

చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని చంపి గోనెసంచుల్లో కుక్కి కాలవల్లో పడేశారు. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. పదహారేళ్ళు తిరిగితే దక్కిన ఆ ఏడాది, రెండేళ్ళ లెక్కకు అందదు. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులంది. ఆ గోడు వేరే.

కేసుంటే చాలు, పోటీకి పనికిరాడనాలని కొందరంటున్నారు. మేం ఒప్పుకోం. మనం అట్రాసిటీ కేసు పెట్టిన మర్నాడే మన కుర్రాళ్ళ మీద దొంగతనం కేసో కొట్లాట కేసో ఎదురు పెట్టడం ఏ ఊళ్ళో చూడలేదు? ఆ లెక్కన ముందు ఆగిపోయేది మనవాళ్ళే. ఇప్పుడు చూడండి తమాషా: విచారణ ఖైదీకి జైల్లో ఓటు లేదు, 2013 సవరణ పుణ్యమా అని పోటీకి మాత్రం అడ్డు లేదు. జామీను దొరకని కూలోడికి ఓటు పోయె, ఆసామికి టిక్కెట్టు దొరికె.

కోర్టులో రుజువై శిక్ష పడినవాడికే అడ్డు పెట్టండి. అందులో 1989 చట్టాన్ని చేర్చండి, శిక్ష ఆర్నెల్లయినా సరే. ప్రతి సంఘమూ ఈ తీర్మానం రాసి ఎంపీకి ఇచ్చి, నకలు దగ్గర పెట్టుకోవాలి. ఓట్లకొచ్చినోడి అఫిడవిట్ తెప్పించండి. కేసులు, శిక్షలు అందులో రాసి తీరాలి. చదువుకునే పిల్లల చేత వాడ నడిబొడ్డున చదివించండి, వాడు దండం పెడుతుండగానే.