గన్నేరా... కాగితం పూలా?

అనంతపురంలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లు గృహప్రవేశం ముగిసీ ముగియగానే నర్సరీకి పరుగెత్తుతారు. గులాబీ, మల్లె, క్రోటన్లు, ఎవరో చెప్పిన ఫెర్న్... కంటికి నచ్చినవన్నీ ఆటో ఎక్కుతాయి. ఏప్రిల్ వచ్చేసరికి కొళాయి సన్నబడుతుంది. బోరు దగ్గుతుంది. ట్యాంకరు నీళ్లు వంటకీ స్నానాలకీ సరిపోతే గొప్ప. మే దాటాక గేటు దగ్గర పచ్చగా మిగిలేవి సాధారణంగా రెండే. ఒకటి గన్నేరు, రెండోది కాగితం పూల తీగ, అదే బోగన్‌విలియా.

ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత అనంతపురమేనని పెద్దలు అంటుంటారు. ఆ కొద్ది వానా ఎక్కువగా సెప్టెంబరు చుట్టుపక్కలే. జూన్, జులైల్లో మబ్బు కన్నా గాలే ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా! ఆ ఎండకీ, ఆ గాలికీ ఈ రెండు మొక్కలూ నిలబడతాయి. జాతీయ రహదారుల డివైడర్ల మీద ఎక్కువగా కనిపించేవి ఇవే కావడానికి కారణమూ అదే. అయితే తట్టుకునే తీరు వేరు, చేయించుకునే చాకిరీ వేరు. ఇంటికి తెచ్చే చిక్కులు మరీ వేరు.

ముందు గన్నేరు సంగతి. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు ప్రాక్టికల్స్‌లో బ్లేడుతో దీని ఆకును అడ్డంగా కోసిన రోజులు గుర్తుండే ఉంటాయి. మైక్రోస్కోపులో చూస్తే ఆకు అడుగున చిన్న చిన్న గుంటలు, వాటి నిండా నూగు కనిపిస్తాయి. ఆకు ఊపిరి తీసుకునే రంధ్రాలు ఆ గుంటల్లో దాక్కుంటాయి. వేడిగాలి నేరుగా తగలదు, తేమ తొందరగా పోదు. పైన తోలు లాంటి మందపాటి పొర. అసలు ఈ మొక్క పుట్టిల్లే ఏడాదిలో ఎక్కువ కాలం ఎండి ఉండే వాగుల ఒడ్డు. మన చిత్రావతి ఇసుక చూసినవాళ్లకు ఆ బతుకు ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

పెంచడం బహు తేలిక. జానెడు కొమ్మను గాజు సీసాలో నీళ్లు పోసి ఉంచినా వేరు పోస్తుంది. మొదటి ఏడాది వారానికి రెండుసార్లు పాదు నిండా నీళ్లు పోస్తే చాలు. వేరు కిందికి దిగాక నిండు వేసవిలోనూ పది రోజులకు ఒకసారి చాలు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువగా ఉన్న వీధుల్లో కూడా పెద్దగా పేచీ పెట్టదు. లేత కొమ్మలకు పసుపు రంగు పేనుబంక పడితే నీళ్లు గట్టిగా చిమ్మి కడిగేస్తే సరి. మొదట్లో వచ్చే పిలకలను తీసేస్తూ, మూడు నాలుగేళ్లకు ఒకసారి ముదురు కొమ్మలను కిందికంటా కొట్టేస్తే మళ్లీ గుబురుగా లేస్తుంది. గులాబీ రంగు, తెలుపు, ఎరుపు... ఏడాదిలో చాలా నెలలు పూలుంటాయి. శివుడి పూజకు తడుముకోనక్కర్లేదు.

అన్నిటికన్నా పెద్ద సుఖం, మేకలు ముట్టవు. ప్రహరీ లేని ఇళ్లలో, జీవాలు తిరిగే వీధుల్లో జనం గన్నేరు వేసుకునేది అందుకే. చిక్కూ అక్కడే ఉంది.

మేక ముట్టని మొక్కను మనిషి కూడా కాస్త అనుమానంగానే చూడాలి. గన్నేరులో ఆకు, కొమ్మ, పువ్వు, వేరు, పాలు... అన్నీ విషమే. ఒలియాండ్రిన్ లాంటి పదార్థాలు నేరుగా గుండె లయను దెబ్బతీస్తాయి. పచ్చి ఆకు చేదు కాబట్టి పశువు మామూలుగా దాని జోలికి పోదు. కానీ కత్తిరించి వీధిలో పడేసిన కొమ్మలు ఎండుతాయి. ఆకు ఎండినా విషం పోదు. గడ్డిలో కలిసిపోతే పశువుకు తేడా తెలియదు. పశుగ్రాసానికి కటకటలాడే కరవు రోజుల్లో ఆకలి మీదున్న ఆవు ఏరుకుని తినదు కదా! ప్రమాదం చెట్టు దగ్గర కన్నా చెత్తకుప్ప దగ్గరే ఎక్కువ.

ఇంట్లోనూ కొన్ని పట్టింపులు ఉండాల్సిందే. పాకే వయసు పిల్లలుంటే గన్నేరు వద్దు. పూలు కోసినా, కొమ్మలు కత్తిరించినా చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పాలు కంట్లో పడనివ్వకూడదు. పూజ పూలల్లో ఉండొచ్చు గానీ తీర్థం చెంబులో వేయకూడదు. పుల్ల విరిచి పళ్లు తోమడం, కొమ్మలను పొయ్యిలో పెట్టడం అసలు కూడదు, పొగ కూడా మంచిది కాదు. పిల్లలు ఆకో పువ్వో నమిలారని అనుమానం వస్తే ఉప్పునీళ్లు తాగించి కక్కించే వైద్యం పెట్టుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ మొక్కో డాక్టరు పోల్చుకునేలా ఒక రెమ్మ కవరులో వేసి తీసుకెళ్తే మంచిది.

పేర్ల తికమక ఒకటుంది. పచ్చగన్నేరు వేరే మొక్క, అదీ విషమే. దాని కాయలతో పిల్లలు ఆడుకోకుండా మరీ జాగ్రత్తగా చూడాలి. బిళ్ల గన్నేరు ఇంకొకటి, క్యాన్సర్ మందులు తీసేది దాని నుంచే. అన్నీ ఒకే కుటుంబం, గుణాలు మాత్రం ఎవరివి వాళ్లవి.

ఇక కాగితం పూలు. ఇది పరదేశి, బ్రెజిల్ పిల్ల. 1766లో ఫ్రాన్స్ నుంచి ప్రపంచయాత్రకు బయల్దేరిన నావికుడు బోగన్‌విల్ పేరు దీనికి పెట్టారు. ఆ యాత్రలో వృక్షశాస్త్రవేత్త కొమెర్సన్‌కు సాయంగా మగవేషంలో ఓడెక్కిన జాన్ బారే అనే మహిళ కథ సినిమాకు సరిపోతుంది. మనం పూలనుకునే రంగు కాగితాలు నిజానికి పూరేకులు కావు, రంగు మారిన ఆకులు. వాటి మధ్యలో సన్నగా గొట్టంలా ఉండే తెల్లటివే అసలు పూలు. ఒకే మొక్కకు తెలుపు, గులాబీ రెండూ పూసే మేరీ పామర్ రకం కోసం నర్సరీల్లో అడిగేవాళ్లు ఎక్కువ.

దీన్ని పెంచడంలో జరిగే పొరపాటు ఒక్కటే, మితిమీరిన ప్రేమ. రోజూ నీళ్లు పోసి, యూరియా చల్లితే నిలువెత్తు ఆకులేసి ఊరుకుంటుంది. ‘రెండేళ్లయింది, ఒక్క పువ్వూ లేదు’ అని వాపోయే ఇళ్లలో చూస్తే పాదు ఎప్పుడూ బురదగానే ఉంటుంది! వేరుకు కాస్త దాహం వేయాలి, అప్పుడే మొగ్గ. కుండీ అయితే పై రెండంగుళాల మట్టి పొడిబారాకే నీళ్లు. రోజుకు ఐదారు గంటలు నేరుగా ఎండ పడాలి, నీడలో పూయదు. పూత అయిపోగానే కొమ్మల చివర్లు కత్తిరించాలి. కొత్త చిగురుకే కొత్త పూలు. దీనికి వేరు కదిలితే పడదు. కాబట్టి కడియం నుంచి లారీల్లో వచ్చే మొక్కలు కొన్నప్పుడు సంచి నిలువునా చింపి, మట్టిగడ్డ విరగకుండా గుంతలోకి దించాలి.

కష్టాలూ లేకపోలేదు. ముళ్లు గట్టివి, గేటు పక్కనే వేస్తే వచ్చేపోయేవాళ్ల చొక్కాలు పట్టుకుంటాయి. గాలికాలంలో ఎండిన కాగితాలు వీధంతా ఎగిరి, ఊడ్చే పని రెండింతలవుతుంది. మేకలకు దీని లేత చిగురంటే మహా ఇష్టం. ముళ్లు తప్పించి మరీ ఒడుపుగా కొరుక్కుతింటాయి. తీగ వాటికి అందనంత ఎత్తు ఎదిగేదాకా కాపలా తప్పదు.

పిల్లలు, పాడి పశువులు ఉన్న ఇంటికి కాగితం పూలే మేలు. ఆ చాకిరీ పడొచ్చు. ఉప్పు నీళ్లు, ఖాళీ జాగా, పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇల్లు అయితే గన్నేరు వేసుకోవచ్చు, కోసిన కొమ్మల మీద కన్నేసి ఉంచగలిగితేనే. ఏది వేసినా సెప్టెంబరు వానలకు కాస్త ముందు నాటాలి. గుంతలో ఎర్రమట్టికి చివికిన దిబ్బెరువు కలపాలి. పాదు మీద రెండంగుళాల మందాన చెనక్కాయ పొట్టు పరిస్తే తేమ నిలుస్తుంది. అనంతపురం, సత్యసాయి జిల్లాల్లో దానికి కరవు లేదు కూడా.

కత్తిరించిన కొమ్మల విషయంలోనూ రెంటికీ పోలిక లేదు. గన్నేరువి లోతుగా గుంత తీసి పూడ్చాల్సిందే. కాగితం పూల కొమ్మలైతే ఎండబెట్టి, కొత్తగా నాటిన మొక్క చుట్టూ ముళ్లకంచెగా పాతుకోవచ్చు. ఎండిన ముళ్లలోకి మూతి పెట్టాలంటే మేక కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది.