ల్యాప్‌టాప్ విప్పితే వారంటీ పోతుందా?

తావీజు విప్పితే అమ్మీకి ఎంత డరో, ల్యాప్‌టాప్ వెనక స్క్రూ విప్పితే అబ్బాకి అంత డర్. "వారంటీ ఖతం అయిపోతుంది బేటా, ముట్టుకోకు!" బీటెక్ చదివే బేటీ 8 జీబీ ర్యామ్‌తో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, అది కదిలేలోపు అసర్ నమాజ్ చదువుకుని వస్తుంది. వారంటీ తీరేదాకా, అంటే ఏడాదో మూడేళ్లో, సబర్ చెయ్యాలట. అప్పటికి కోర్సే అయిపోతుంది.

నన్నడిగితే ఈ డర్‌లో సగం దుకాన్‌దార్లు పెట్టిందే. మిగతా సగానికి మాత్రం వజహ్ ఉంది.

వారంటీ అంటే ఒక ముఆహిదా. తాను తయారుచేసిన సరుకులో ఐబ్ ఉంటే బాగుచేస్తానని కంపెనీ చేసిన వాదా. మన ఫిఖహ్‌లో ఖియారె ఐబ్ అని ఒక మాట ఉంది. ఐబ్ దాచి అమ్మిన సరుకును వాపస్ ఇచ్చే హఖ్ కొన్నవాడికి ఉంటుంది. తన చేతిలో విరిగినదానికి ఆ హఖ్ లేదు. వారంటీ కాగితాలు కూడా ఇంచుమించు ఇలాగే నడుస్తాయి. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలు చాలా మోడళ్లకు ర్యామ్ ఎలా తీయాలో, ఎలా పెట్టాలో బొమ్మలతో సహా తమ వెబ్‌సైట్లలోనే పెట్టాయి. విప్పితే వారంటీ రద్దు అనేవాడు విప్పే తరీఖా ఎందుకు నేర్పుతాడు? కాకపోతే పెట్టేటప్పుడు స్లాట్ విరిగినా, స్టాటిక్ కరెంటుకు బోర్డు పోయినా ఆ నుక్సాన్ మనదే. బయట కొన్న ర్యామ్ పాడైతే ల్యాప్‌టాప్ కంపెనీకి జిమ్మేదారీ లేదు. దాని వారంటీ ఆ ర్యామ్ కంపెనీతో. రసీదు భద్రం.

ఒక సర్వీస్ సెంటర్ కౌంటర్లో "ర్యామ్ మా దగ్గరే కొనాలి, లేకుంటే వారంటీ ఉండదు" అని నాకూ చెప్పారు. ఏ షరతులో రాసుందో చూపించమన్నాను. మేనేజర్ లంచ్‌కి వెళ్లాడన్నారు! ఇది కొంటేనే అది ఇస్తామనే పద్ధతిని 2019 వినియోగదారుల రక్షణ చట్టం నిర్బంధ వ్యాపార విధానంగా లెక్కిస్తుంది. అమెరికాలో ఇలాంటి షరతులను అడ్డుకునే చట్టం 1975లోనే వచ్చింది. మన దగ్గర కేంద్రం 2022లో రిపేరు హక్కు మీద కమిటీ వేసి, పోర్టల్ కూడా తెరిచింది. ఫిర్యాదుకు 1915 నంబరు ఉంది. ఇవన్నీ ఉన్నా కౌంటర్ ముందు మనవాళ్లు "జీ సాబ్" అని వచ్చేస్తారు.

కాబట్టి విప్పేముందే కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. మోడల్, సీరియల్ నంబరు రాసి, వేరే కంపెనీ ర్యామ్ వేస్తే మిగతా భాగాలకు వారంటీ ఉంటుందా అని సీదాగా అడగండి. ఫోన్‌లో చెప్పింది హవా. కాగితం మీద వచ్చిందే సబూత్. ఉండదని జవాబొస్తే, ఏ షరతు ప్రకారమో చెప్పమని మళ్లీ రాయండి. సికింద్రాబాద్ సీటీసీలో హునర్ ఉన్న కుర్రాళ్లు ఉన్నారు, నిమిషాల్లో పెట్టేస్తారు. పెడుతుంటే ఏదైనా విరిగితే ఎవరు భరిస్తారో బిల్లు మీద రాయించుకోండి. రాయనంటే పక్క దుకాణం ఉంది.

తీసిన పాత ర్యామ్ పారేయొద్దు. సర్వీస్‌కి ఇచ్చేరోజు అదే పెట్టి ఇస్తే తప్పు ఎక్కడుందో తేలిగ్గా తేలుతుంది, కొత్తది మన దగ్గర భద్రంగా ఉంటుంది. ఇంతవరకు జాయిజే. స్లాట్ మనమే విరిచి, పాతది పెట్టి "దానంతటదే పోయింది సార్" అనడం మాత్రం ధోకా. కంపెనీ కోట్లున్నది కదా అనేవాళ్లతో నాకు బహస్ లేదు, సలాం.

వారంటీ కన్నా పెద్ద మస్లా వేరే ఉంది. పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. మ్యాక్‌బుక్ ఎయిర్ అలాంటిదే. కొన్నాక ఏ ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లినా పెరగదు. కొన్నింటిలో సగం అతికించి, ఒక స్లాట్ ఖాళీగా వదులుతారు. అందులోనూ డీడీఆర్4 ర్యామ్ డీడీఆర్5 స్లాట్‌లో కూర్చోదు, గాడి వేరే చోట ఉంటుంది. ఈద్ ఆఫర్‌లో కొనేముందు దుకాణంలో నిలబడే, విండోస్ ల్యాప్‌టాప్ అయితే, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ బటన్లు కలిపి నొక్కండి. పెర్ఫార్మెన్స్‌లో మెమరీ దగ్గర ఫామ్ ఫ్యాక్టర్ చూడండి. సోడిమ్ అని ఉంటే సాధారణంగా తీసి మార్చుకునేది. రో ఆఫ్ చిప్స్ అని ఉంటే అతికించినది. అప్పుడు ఆ డబ్బుకు 16 జీబీతో వచ్చే ఇంకో మోడల్ చూపించమనండి.