రంగుకే ధర కట్టే వేలం
అనకాపల్లి బెల్లం మార్కెట్‌లో ఒక పూట

భిలాయి నుంచి సెలవులకు వచ్చిన మా అక్కయ్య, బావగారు, పిల్లలను వెంటబెట్టుకుని ఈ విలేఖరి ఇటీవల విశాఖపట్నం నుంచి అనకాపల్లి వెళ్ళాడు. ఉదయమే నూకాలమ్మ దర్శనం, ఆపైన బెల్లం మార్కెట్, సాయంత్రం తిరుగు రైలు. ఇదీ కార్యక్రమం. మార్కెట్ మనకు కొత్త కాదు. కాని వ్యాపారం తెలియని వారి పక్కన నిలబడి చూస్తే, అలవాటైపోయిన సంగతులు కూడా కొత్తగా కనిపిస్తాయి.

మేము చేరేసరికి వేలం సాగుతున్నది. వరుసగా పేర్చిన దిమ్మల వెంట కొనుగోలుదారులు నడుస్తూ, ఒక చూపు చూసి ధర చెబుతున్నారు. పసుపు పచ్చని సరుకుకు పోటీ చురుకుగా ఉంది. గోధుమ రంగు సరుకు దగ్గరకు వచ్చేసరికి పాట నీరసించింది. మా మేనకోడలు చెవిలో అడిగింది: "మామయ్యా, రుచి చూడకుండానే కొనేస్తున్నారేమిటి?" బి.కాం. చదువు, ఇన్నేళ్ళ మార్కెట్ అనుభవం ఉన్న ఈ విలేఖరికి వెంటనే జవాబు తోచలేదు.

జవాబు తరువాత ఒక దుకాణంలో దొరికింది. ఇంటికి తీసుకువెళ్ళడానికి అక్కయ్య బెల్లం అడిగితే, ఆ వర్తకుడు ముందున్న పచ్చని దిమ్మను పక్కకు జరిపి, లోపలినుంచి గోధుమ రంగుది తెప్పించాడు. "మా ఇంట్లో వాడేది ఇదేనమ్మా" అన్నాడు. ధర కూడా తక్కువే. "మా ఊళ్ళో ఈ రంగు బెల్లాన్నే ప్యాకెట్లో పోసి, సేంద్రియమని రాసి, ఎక్కువ ధరకు అమ్ముతున్నారే!" అని అక్కయ్య ఆశ్చర్యపోయింది.

వర్తకులు ఆలోచించవలసిన విషయం ఇదే. తాము తినే సరుకుకు తక్కువ, తినని సరుకుకు ఎక్కువ ధర కట్టే వ్యాపారం ఎంతకాలం నిలుస్తుంది?

పచ్చదనం ఎక్కడినుంచి వస్తున్నదో మార్కెట్‌లో అందరికీ తెలుసు. చెరకు రకం, నేల స్వభావం, ఎరువుల మోతాదు, నరికిన వెంటనే గానుగాడటం, మడ్డి సరిగా తీయటం, ఇవన్నీ కుదిరితే బెల్లానికి సహజంగానే మంచి రంగు వస్తుంది. చవిటి నేలలోని చెరకుకు, నత్రజని ఎక్కువైన చెరకుకు అది రాదు. అలాంటప్పుడు పాకంలో హైడ్రోస్, అనగా సోడియం హైడ్రోసల్ఫైట్ పడుతుంది. బెల్లంలో గంధక డయాక్సైడు పది లక్షల పాళ్ళకు 70 పాళ్ళు మించరాదన్నది ఆహార ప్రమాణాల నిబంధన. గానుగ దగ్గర పొడి వేసేది గుప్పిటి లెక్కనే గాని తూకం లెక్కన కాదు.

రైతును తప్పు పట్టి ప్రయోజనం లేదు. పొడి వేయని బెల్లం తెస్తే రకం దిగిపోతుంది, క్వింటాలుకు నష్టం వస్తుంది. ఒడిశా, బెంగాలు ఖాతాదారులు పచ్చనిదే అడుగుతున్నారన్నది వర్తకుల సమాధానం. అందులో నిజం లేకపోలేదు. నల్లగా, జిగటగా, చెమ్మతో ఉన్న సరుకు నాసిరకమేనన్నదీ నిజమే. కాని నల్లబెల్లం వేరు, పలుకు తేలి గట్టిగా ఉన్న గోధుమ రంగు బెల్లం వేరు. రెండింటినీ ఒకే గాటన కట్టటం వల్లనే రైతు చేయి పొడి డబ్బా మీదకు పోతున్నది.

పైగా ఈ పచ్చదనం నిలిచేది కాదు. గోదాములో కొద్ది నెలలు గడిచేసరికి, ముఖ్యంగా వానాకాలం చెమ్మకు, రంగు తిరిగిపోతుంది. సీజనులో రంగు చూసి హెచ్చు ధర పెట్టిన స్టాకిస్టు, అమ్మేనాటికి ఆ రంగును చూపలేడు. కనుక ఇది ఆరోగ్యం మాట మాత్రమే కాదు, పెట్టుబడి మాట కూడా.

చేయవలసింది పెద్ద పని కాదు. హైడ్రోస్ వేయలేదని రైతు ప్రకటించిన సరుకును యార్డులో వేరు వరుసలో పెట్టించి వేరుగా వేలం వేయాలి. నమూనా తీసి పరీక్ష చేయించి, మాట తప్పిన వారి సరుకును ఆ వరుసనుంచి తొలగించాలి. తూకంతో పాటు చెమ్మ, పలుకు చూసి ధర కట్టాలి. 1913 నుంచి చెరకు పరిశోధన జరుగుతున్న పట్టణం అనకాపల్లి. బెండ జిగురుతో మడ్డి తీసే పద్ధతి రైతులకు తెలియనిది కాదు. దానికి ధర పలికించటమే మిగిలి ఉంది.

దేశంలో పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటిగా అనకాపల్లికి పేరు వచ్చింది రుచి వల్లనే. ఈసారి వేలంలో ధర చెప్పేముందు వర్తక సోదరులు ఒక చిన్న ముక్క నోట్లో వేసుకుని చూడాలని మనవి. పిల్ల అడిగిన ప్రశ్నకు అదే జవాబు.