దెయ్యం కాదు, జీవకణం

పైరుకు తెగులు సోకితే రైతు ఆకు తుంచి వెలుతురులో చూస్తాడు, మొక్క పీకి వేరు చూస్తాడు. పైరును తిట్టడు. అదే ఓ ఇరవై ఏళ్ళ కుర్రాడు తనకేవో గొంతులు వినబడుతున్నాయనీ, అందరూ తనపై కుట్ర పన్నుతున్నారనీ అంటే మాత్రం మనకు గాలి, దెయ్యం, చేతబడి గుర్తొస్తాయి. పల్లెల్లో భూతవైద్యుడి వేపమండలు, హాస్టళ్ళలో ‘పిచ్చోడు’ అన్న బిరుదు. రెండింటికీ నాకు పెద్ద తేడా కనిపించదు.

స్కిజోఫ్రీనియా ఒక జబ్బు. ప్రపంచంలో ప్రతి వెయ్యి మందిలో సుమారు ముగ్గురికి ఉంది. ఎక్కువగా మొదలయ్యేది మన ఈడులోనే!

మెదడులోని ప్రతి నాడీకణానికీ ఫాస్ఫోలిపిడ్లనే కొవ్వు అణువులు రెండు వరుసలుగా పేర్చిన పలుచని త్వచం ఉంటుంది. డోపమైన్ వంటి రసాయనాలు తెచ్చే కబురు అందుకొనే గ్రాహకాలు ఈ పొరలోనే ఇమిడి ఉంటాయి. పొర తీరు మారితే కబురూ తారుమారు కావచ్చు కదా! డేవిడ్ హారోబిన్ అనే శాస్త్రజ్ఞుడు 1977 నుంచి ఈ దారిలో ఆలోచించి, 1994లో సహచరులతో కలిసి త్వచ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. దీనికి ఆధారంగా చూపేది ఒక చిన్న పరీక్ష. నియాసిన్ విటమిన్‌కు చెందిన ద్రావణం అద్దితే చర్మం ఎర్రబడుతుంది. ఈ రోగుల్లో కొందరికి అంతగా ఎర్రబడదు. ఆ ఎరుపుకు కారణమైన ప్రోస్టాగ్లాండిన్లు పుట్టేది త్వచంలోని కొవ్వు ఆమ్లం నుంచే.

అలాగని చేపనూనె తాగితే సరిపోతుందా? జబ్బు వచ్చే సూచనలున్న 81 మంది యువకులపై వియన్నాలో జరిపిన పరీక్ష 2010లో ఆశ రేపింది. 304 మందితో జరిపిన మరో పరీక్షలో ఆ మేలు కనబడలేదని 2017లో తేలింది. సైన్సు తన మాటను తానే పరీక్షకు పెడుతుంది. భూతవైద్యుడు పెడతాడా? సిద్ధాంతం తేలేదాకా వైద్యం ఆగనక్కరలేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ వాడిననాటి నుంచి ఈ జబ్బుకు మందులున్నాయి.

మందు అందనిచోట ఏం జరుగుతుందో తమిళనాడులోని ఏర్వాడి చెబుతుంది. 2001 ఆగస్టు 6న అక్కడ మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు పారిపోలేకపోయారు. 28 మంది చనిపోయారు. గొలుసులు వేయరాదని 2017 చట్టం స్పష్టంగా చెప్పింది. మన నోటిమాటల గొలుసులను ఏ చట్టం తెంపుతుంది?

అందుకే నా విన్నపం: నెలకొక్కసారైనా కళాశాలకు మానసిక వైద్యుణ్ణి రప్పించే ఏర్పాటు యూనియన్ చేయాలి. మిత్రులారా, పక్కగది స్నేహితుడి మాటతీరు మారితే నవ్వకండి. తోడుగా డాక్టరు దగ్గరికి నడవండి.